ముత్తుకూరు దొరకలేదు: సర్వర్ మార్చిన నా అనుభవం

నెల్లూరులో రొయ్యల మేత అమ్మే ఒక డీలర్‌కి చిన్న సైట్ చూసిపెడుతుంటాను. ఏ ఊళ్లో రొయ్య ఏ కౌంట్ (కిలోకి ఎన్ని తూగుతాయన్న లెక్క) కిలో ఎంత పలుకుతోందో పొద్దున ఏడింటికల్లా అందులో ఎక్కాలి, రైతులు గుంట కట్ట మీద నిలబడే ఫోన్‌లో చూసుకుంటారు. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు, ఒక్కో ఊరికి ఒక్కో పేజీ, పేజీ అడ్రస్‌లో కూడా ఊరి పేరు తెలుగులోనే. అది నా ముచ్చటే. పోయిన వారం అదే నా పరువు తీసింది.

అసలు కోడ్ మాత్రం నాది కాదు. నాకు ముందు చేసినాయన, ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద జీతగాడు, మొత్తం మాడ్‌పైథాన్ మీద, అంటే అపాచీ అనే వెబ్ సర్వర్ లోపలే పైథాన్ కోడ్ నడిపే పద్ధతిలో, కట్టిపోయాడు. ప్రతి ఫంక్షన్ చేతిలోనూ అపాచీ ఇచ్చే రిక్వెస్ట్ ఆబ్జెక్టే, చివర్లో అపాచీ ఓకే అని తిప్పి ఇవ్వడమే. కిలో ధర లెక్క కట్టడానికి కూడా అపాచీ ఎందుకయ్యా? ఆ మాడ్‌పైథాన్‌ని 2010లోనే అపాచీ వాళ్ళు తమ అట్టిక్‌లోకి, అంటే నిజంగానే అటక మీదికి, చేర్చేశారు. ఆ కోడ్ రాసిన పైథాన్ 2కి 2020 జనవరి 1తో కాలం చెల్లింది. అయినా కొట్టు వెనక గదిలో మేత బస్తాల పక్కన ఆ సిస్టమ్ మూలుగుతూ తిరుగుతూనే ఉంది, ఈ ఎండాకాలం డిస్క్ పోయేదాకా.

ఈసారి ఏ సర్వర్‌కీ కట్టుబడకూడదని డబ్ల్యూఎస్‌జీఐ పద్ధతిలో రాశాను, వెబ్ సర్వర్‌కీ పైథాన్ కోడ్‌కీ మధ్య ఒప్పందం అది. 2003లో ఫిలిప్ జె. ఈబీ పెప్ 333గా (పెప్ అంటే పైథాన్ వాళ్ళ ప్రతిపాదన పత్రం) రాసింది, పైథాన్ 3 కోసం 2010లో పెప్ 3333 అయింది. రూబీలో ర్యాక్, పెర్ల్‌లో పీఎస్‌జీఐ ఈ దారిలోనే వచ్చాయి. ఒప్పందం చాలా చిన్నది. సర్వర్ మన ఫంక్షన్‌ని పిలిచి వచ్చిన రిక్వెస్ట్ వివరాలున్న ఎన్విరాన్ అనే డిక్షనరీ ఒకటి, స్టార్ట్ రెస్పాన్స్ అనే ఫంక్షన్ ఒకటి చేతిలో పెడుతుంది. మనం స్టేటస్, హెడర్లు దానికి చెప్పేసి పేజీని బైట్లుగా తిప్పి ఇవ్వాలి. అంతే. అవతల ఉన్నది ఏ సర్వరో మనకి అనవసరం. లాగిన్, లాగ్ రాయడం లాంటివి మధ్యలో మిడిల్‌వేర్‌గా తొడగొచ్చు, అది సర్వర్‌కి అప్లికేషన్‌లా, లోపలి అప్లికేషన్‌కి సర్వర్‌లా కనిపిస్తుంది.

రెండు రాత్రుల్లో మార్చేశాను. గొప్ప చెప్పుకోవడం కాదుగానీ 43 టెస్టులు కూడా రాశాను, సర్వర్ ఊసే లేకుండా. ఎన్విరాన్ డిక్షనరీ నేనే తయారుచేసి ఫంక్షన్‌ని నేరుగా పిలవడం, అన్నీ పాస్. హోస్టింగ్ కొనడం, కోడ్‌ని నడిపే గునికార్న్ సర్వర్ పెట్టడం, దాని ముందు రిక్వెస్టులు అందుకునే ఎన్‌జింక్స్ పెట్టడం ఒక్క సాయంత్రం పని.

మర్నాడు పొద్దున ఆరున్నరకి డీలర్ ఫోన్. "ఏంది అబ్బయ్యా, ముత్తుకూరు లేదంటా ఉంది!" చూస్తే హోమ్ పేజీ బంగారంలా ఉంది, ఏ ఊరు నొక్కినా 404, అంటే పేజీ దొరకలేదని. తొమ్మిదింటికి కొట్టుకెళ్తే బెంగళూరు నుంచి వచ్చిన ఆయన అల్లుడు కుర్చీలో కూర్చుని, "ఇంగ్లీషులో పెట్టుకోక తెలుగెందుకు బ్రో" అన్నాడు, ముగ్గురు రైతుల ముందు. ఏం చెప్పాలో తోచక మౌనంగా ల్యాప్‌టాప్ తెరిచాను.

లాగ్‌లో ముత్తుకూరు ఉండాల్సిన చోట నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు చిన్న ఏ, పక్కనే ఎండ డిగ్రీలకి వేసే బుల్లి సున్నా, మళ్ళీ ఏ, ఈసారి పక్కన ప్లస్ కింద మైనస్ ఉన్న గుర్తు, మధ్యమధ్య ఇంకేవో, ఇలా వరసగా. ఫాంట్ అనుకున్నాను. డేటాబేస్ అనుకున్నాను. ఎన్‌జింక్స్ సెట్టింగులు మూడు గంటలు తిరగేశాను. ఆఖరికి హోస్టింగ్ కంపెనీకి ఫోన్ చేసి, మీ సర్వర్ తెలుగుని పాడుచేస్తోందని అరిచాను. "మా సర్వర్ రూల్ ప్రకారమే ఇస్తోంది సార్" అన్నాడు సపోర్ట్ కుర్రాడు. నీ రూల్ ఎవడిక్కావాలి అని పెట్టేశాను.

హోస్టింగ్ వాడి తప్పేనని అల్లుడికి నిరూపించాలన్న పంతంతో అదే కోడ్‌ని కొట్టులో విండోస్ సిస్టమ్ మీద వెయిట్రెస్ అనే వేరే సర్వర్‌తో నడిపాను. గునికార్న్ విండోస్‌లో నడవదు. ఒక్క లైన్ మార్చలేదు, సైట్ లేచింది. ముత్తుకూరు నొక్కాను. 404. అవే గీతలు, అవే సున్నాలు.

రెండు సర్వర్లూ ఒకేలా అబద్ధమాడవు కదా. అప్పుడు తెరిచాను పెప్ 3333ని, మొదటి రోజే చదవాల్సింది. అందులో స్పష్టంగా ఉంది: ఎన్విరాన్‌లో వచ్చే స్ట్రింగులు స్ట్రింగుల్లా కనిపించినా లోపల ఉన్నవి బైట్లే, ఒక్కో బైటునీ లాటిన్-1 (ఒక్కో బైటుకి ఒక్కో యూరప్ అక్షరం ఉండే పట్టిక) అక్షరంగా చదివి ఇస్తారు. మన తెలుగులో అక్షరం, గుణింతం గుర్తు, పొల్లు ప్రతిదీ, అన్ని భాషలూ రాయగల యూటీఎఫ్-8లో మూడు బైట్లు, మొదటిది ఎప్పుడూ ఒకటే, అదే ఆ నెత్తిన గీత ఉన్న ఏ. అంటే పాత్‌ని, అదే అడ్రస్‌లో ఊరి పేరున్న ముక్కని, లాటిన్-1లో తిరిగి బైట్లు చేసి, యూటీఎఫ్-8గా చదువుకోవాల్సింది నేను. పాత పైథాన్ 2లో అంతా బైట్లే కాబట్టి ఈ గొడవే రాలేదు. మరి నా 43 టెస్టులు? వాటిలో పాత్‌ని నేనే చక్కటి తెలుగులో రాసిపెట్టుకున్నాను. ఏ సర్వరూ ఎప్పుడూ ఇవ్వనిది నాకు నేనే ఇచ్చుకుని పాసైపోయాను.

అక్కడితో ఆగానా, తెలివికి పోయి ఎన్విరాన్‌లోని పాత్‌నే తెలుగులోకి మార్చేసే మిడిల్‌వేర్ రాసి అన్నిటికంటే బయట తొడిగాను. దాని లోపలున్న లాగ్ మిడిల్‌వేర్ రూల్ ప్రకారం లాటిన్-1 అనుకుని దాన్ని బైట్లు చేయబోయి కూలింది, 404 కాస్తా 500, అంటే సర్వర్‌లోనే తప్పు, అయింది. అది పీకేసి, పాత్ చదివే ఒక్క చోట ఒక్క లైన్ పెట్టాను. తర్వాత పేజీ సగంలో తెగింది, పేజీ ఎన్ని బైట్లో చెప్పే కంటెంట్ లెంగ్త్ హెడర్‌లో అక్షరాలు లెక్కపెట్టాను మరి. ముత్తుకూరు పైథాన్ లెక్కలో, గుణింతాలూ పొల్లూ విడిగా లెక్కేసి, 10, బైట్లలో 30. అది పది నిమిషాల్లో పోయింది.

ఎవరైనా ఇదే పని చేయబోతుంటే వీడియోలు చూసి కాపీ కొట్టకండి, వాళ్లెవరూ తెలుగు పాత్‌తో పరీక్షించరు. పైథాన్‌తోనే వచ్చే డబ్ల్యూఎస్‌జీఐ రెఫ్‌లో, ఒప్పందం పాటించామో లేదో చూసే వ్యాలిడేటర్ ఉంది, టెస్టుల్లో తొడగండి, అది కూడా ఈ లాటిన్-1 పొరపాటుని పట్టదనుకోండి, మిగతా చాలా పడుతుంది. అల్లుళ్ళ ముందు మాత్రం ల్యాప్‌టాప్ తెరవకండి.

ఇప్పుడు మూడు వేల రూపాయలు తక్కువకి ఇంకో హోస్టింగ్ ఉంది, గంటలో మారిపోవచ్చు, కోడ్ ముట్టుకోనక్కర్లేదు. నిన్న పాతదానికే ఇంకో ఏడాదికి కట్టాను. ఆ కుర్రాడికి ఫోన్ చేయడానికి మాత్రం ఇంకా మొహం చెల్లలేదు.