ట్రియెస్టేలో నా పేరు కింద గీతలు

సముద్రం ఒడ్డున గెస్ట్‌హౌస్, కొండ మీద క్లాసులు, మధ్యలో మిరామారే కోట తోట. రోజూ పొద్దున్నే ఆ తోటలోంచి ఎక్కుకుంటూ వెళ్లి, ఆయాసం తీరకముందే కుర్చీలో కూలబడి అణు విద్యుత్తు గురించి వినడం, రెండు వారాల నా ట్రియెస్టే అంటే ఇదే. ఊరు ఇటలీ ఈశాన్య కొసన ఉంటుంది, పక్కనే స్లొవేనియా. ఆ కోట కట్టించుకున్న మాక్సిమిలియన్ అనే ఆస్ట్రియా రాకుమారుడు అంత అందమైన చోటు వదిలేసి మెక్సికోకి చక్రవర్తిగా వెళ్లాడు, 1867లో అక్కడే తుపాకీ గుళ్లకు బలయ్యాడు. ప్రమోషన్ ఇస్తామనగానే ఎగిరి గంతేయకూడదురా అని మా బ్యాచ్‌లో ఒకడు కోట పక్కనుంచి వెళ్లిన ప్రతిసారీ అనేవాడు. లీడర్‌షిప్ శిక్షణకి వచ్చినవాళ్లకి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

నేను వెళ్లింది ఐఏఈఏ, అంటే అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ఇక్కడి సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రంతో కలిసి నడిపే న్యూక్లియర్ ఎనర్జీ మేనేజ్‌మెంట్ స్కూలుకి. 2010లో మొదలైంది. ఈ రంగంలో కొన్నేళ్లు పనిచేసి, రేపో మాపో నలుగురి మీద పెద్దరికం నెత్తిన పడబోయేవాళ్ల కోసం పెట్టింది. ఇలాంటిదే వరల్డ్ న్యూక్లియర్ యూనివర్సిటీ వాళ్ల సమ్మర్ ఇన్‌స్టిట్యూట్, 2005లో అమెరికాలోని ఐడహో ఫాల్స్‌లో మొదలై తర్వాత వేరే వేరే దేశాల్లో జరుగుతూ వచ్చింది. అది ఇంకా ఎక్కువ వారాలు సాగుతుంది. అన్ని వారాలు పని వదిలి వెళ్లడం నావల్ల కాదు కాబట్టి దీనికి దరఖాస్తు పెట్టాను.

ఈ భౌతికశాస్త్ర కేంద్రాన్ని 1964లో మొదలుపెట్టింది పాకిస్తాన్ శాస్త్రవేత్త అబ్దుస్ సలాం. వెనకబడిన దేశాల్లో పనిచేసే శాస్త్రవేత్తలు ఒంటరిగా మిగిలిపోకూడదు, అప్పుడప్పుడూ ఇక్కడికి వచ్చి నలుగురితో కలిసి పనిచేసి మళ్లీ తమ దేశం వెళ్లగలగాలి అని ఆయన పట్టుదల. మా క్లాసు కూడా దానికి తగ్గట్టే ఉంది, రియాక్టర్లు ఉన్న దేశాలవాళ్లం కొందరం, ఇంకా ఒక్క రియాక్టరూ కట్టని దేశాల నుంచి వచ్చినవాళ్లు కొందరు. నిజం చెప్పాలంటే మొదటి రెండు రోజులూ నాకు కొంచెం గర్వంగానే ఉంది. మేం నడుపుతున్నాం కదా, వీళ్లకి ఇంకా కాగితాల మీదే ఉంది కదా అని.

లెక్చర్ల గురించి ఎక్కువ చెప్పను. కొత్తగా అణు విద్యుత్తు మొదలుపెట్టే దేశం మూడు దశల్లో సరిచూసుకోవాల్సిన 19 అంశాలు, ప్రమాదం జరిగితే పరిహారం ఎవరు కట్టాలి, వాడేసిన ఇంధనాన్ని ఏం చేయాలి, అప్పు ఎక్కడ తేవాలి. అవసరమైనవే, కానీ మధ్యాహ్నం పూట కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంటే పరిహార ఒప్పందాల మీద దృష్టి నిలపడం చాలా కష్టం. మీరు ఏ రకం మనిషో చెప్పే ప్రశ్నల కాగితం కూడా ఒకటి ఇచ్చారు. అది ఎందుకూ పనికిరాలేదు.

పట్టుకుని కుదిపేసింది మాత్రం అమెరికాలో త్రీమైల్ ఐలండ్ అణు ప్లాంటులో జరిగిన ప్రమాదం మీద క్లాసు. 1979 మార్చి 28 తెల్లవారుజామున పీడనం పెరిగితే తెరుచుకోవాల్సిన ఒక రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు, కంట్రోల్ రూమ్‌లో లైటు చూస్తే మూసుకుందనిపిస్తుంది, ఎందుకంటే ఆ లైటు చూపించేది మూసుకోమని ఆదేశం వెళ్లిందని, నిజంగా మూసుకుందని కాదు. ఇంతవరకు మాలో అందరికీ తెలిసిందే. నాకు తెలియనివి రెండు. ఒకటి, ఏడాదిన్నర ముందే, 1977 సెప్టెంబరులో, అదే కంపెనీ తయారుచేసిన మరో రియాక్టర్‌లో అదే రకం వాల్వ్ అలాగే ఇరుక్కుంది, ఇలాంటప్పుడు రియాక్టర్‌ని చల్లబరిచే అత్యవసర నీటిని తొందరపడి ఆపొద్దని ప్లాంట్లకు చెప్పాలంటూ ఆ కంపెనీ ఇంజనీరు ఒకరు మెమో కూడా రాశారు, ఆ మాట బల్లల మధ్యే తిరుగుతూ ఉండిపోయి ఆపరేటర్ల దాకా రాలేదు. రెండోది, ఆ పొద్దున నీరు కారిపోతున్న దారిని మూయించింది మొదటినుంచీ తలపట్టుకున్న బృందం కాదు, తర్వాత వచ్చి కొత్తగా చూసిన మనిషి. అప్పటికి రెండు గంటల ఇరవై నిమిషాలు దాటింది.

ఈ రంగంలో సేఫ్టీ కల్చర్, అంటే అందరూ భద్రతకే పెద్దపీట వేసే అలవాటు, అన్న మాట 1986లో చెర్నోబిల్ తర్వాతే ఊపందుకుంది. నేనూ ఎన్నో పోస్టర్ల మీద చూశాను, గోడకి మేకులాగా ఎప్పుడూ ఉండే మాట, పట్టించుకోం. ఆ మెమో కథ విన్నాక మాత్రం, మా దగ్గర నా బల్ల మీదికొచ్చి ఆగిపోయిన కాగితాలు ఎన్ని అని లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. సంఖ్య చెప్పను.

మర్నాడు గ్రూప్ ఎక్సర్‌సైజ్. ఆరుగురం, లీడర్ నేను. ప్లాంటు షట్‌డౌన్ పనులు అయిపోవచ్చాయి, ఒక పంపు టెస్ట్ ఫలితం కాస్త అనుమానంగా ఉంది, తిరిగి మొదలుపెట్టాలా వద్దా, నలభై నిమిషాల్లో తేల్చండి. అక్కడున్నవాళ్లలో నిజంగా షట్‌డౌన్ చేయించిన అనుభవం ఉన్నది నాకే. ఇంకేముంది, బోర్డు దగ్గర నిలబడి చకచకా రాసేశాను, అందర్నీ అడిగాను కూడా, అడిగాననే అనుకున్నాను. ముప్ఫై మూడో నిమిషానికల్లా నిర్ణయం చెప్పేశాం. మా మెంటర్ మూలన కూర్చుని కాగితం మీద ఏదో గీస్తున్నాడు, మార్కులేమో అనుకున్నా.

అయ్యాక ఆయన ఆ కాగితం నా ముందు పెట్టాడు. ఆరు పేర్లు, పేర్ల కింద గీతలు. ఎవరు ఎన్నిసార్లు మాట్లాడారో లెక్క. నా పేరు కింద చోటు చాలక పక్కకి కూడా గీశాడు. ఘానా నుంచి వచ్చిన ఒకావిడ, వాళ్ల దేశంలో నియంత్రణ సంస్థలో పనిచేస్తుంది, ఆవిడ పేరు కింద రెండే రెండు గీతలు, రెంటి పక్కనా ప్రశ్నార్థకం. "ఇవి రెండూ ప్రశ్నలు. జవాబు రాలేదు" అన్నాడు, అంతే, నిర్ణయం తప్పా ఒప్పా అన్నది ఎత్తనే లేదు. ఆవిడ అడిగినట్టే నాకు గుర్తులేదు. ఆ సాయంత్రం తోటలోంచి దిగుతుంటే ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాలేదు.

రెండో వారంలో స్లొవేనియాలోని క్ర్‌ష్కో అణు విద్యుత్ ప్లాంటుకి తీసుకెళ్లారు. ట్రియెస్టే నుంచి బస్సులో ల్యూబ్లియానా మీదుగా, దారి పొడవునా పచ్చని కొండలు. సావా నది ఒడ్డున ఒకే ఒక్క రియాక్టరు, దాదాపు 700 మెగావాట్లు, యుగోస్లావియా ఉన్నప్పుడు కట్టింది. దేశం ముక్కలయ్యాక స్లొవేనియాకి సగం, క్రొయేషియాకి సగం. ఇద్దరు యజమానులున్న ప్లాంటు, ఒక్క బాస్‌తోనే వేగలేని మాకు వాళ్ల మీద సానుభూతి కలిగింది. 2020 డిసెంబరు 29న క్రొయేషియాలో 6.4 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు ప్లాంటు దానంతటదే ఆగిపోయిందని, అంతా పరీక్షించి మళ్లీ నడిపారని చెప్పారు. వాడేసిన ఇంధనాన్ని 2023 నుంచి నీటి తొట్టిలోంచి తీసి పొడి నిల్వలోకి మారుస్తున్నారు.

నా కళ్లు నిలిచింది మాత్రం సిమ్యులేటర్ మీద. అసలు కంట్రోల్ రూమ్‌కి అచ్చు నకలు. బృందమంతా స్లొవీన్‌లో మాట్లాడుకుంటున్నారు, మాకు ఒక్క ముక్క అర్థం కాదు, కానీ లయ అర్థమవుతోంది: ఒకరు చెప్తారు, రెండోవారు అదే మాట తిరిగి అంటారు, మొదటివారు అవునంటారు, అప్పుడే చెయ్యి స్విచ్ మీదికి వెళ్తుంది. ఆవిరి తయారీకి నీరు అందించే ఫీడ్‌వాటర్ పంపు ఒకటి ఆగిపోయినట్టు చేశారు. అలారాలు మోగాయి, మాలో ఇద్దరు ముగ్గురు ఉలిక్కిపడ్డారు. షిఫ్ట్ సూపర్‌వైజర్ మాత్రం వెనక నిలబడే ఉన్నాడు, చేతులు వెనక్కి కట్టుకుని. నేనైతే ఎప్పుడో ప్యానెల్ మీద పడిపోయేవాణ్ణి. కాసేపటికి ఆయన గట్టిగా ఏదో అన్నాడు, అత్యవసరమైన పని చేస్తున్నవాళ్లు తప్ప అందరూ ఆయన వైపు తిరిగారు, ఒక్కొక్కర్నీ అడిగాడు, అరనిమిషం కూడా పట్టలేదు. ఏం అడిగారని మా గైడ్‌ని అడిగితే, "ఎవరికైనా ఇది వేరేగా కనిపిస్తోందా" అన్నాడట. చివర్లో అడిగింది అందరికంటే చిన్నగా ఉన్న కుర్రాణ్ణి కాదు, మొదట అడిగిందే అతన్ని. పెద్దవాళ్లు ముందు చెప్పేస్తే కుర్రాడికి నోరు పెగలదు కదా.

తిరుగు బస్సులో ఘానా ఆవిడ పక్క సీటు ఖాళీగా ఉంటే వెళ్లి కూర్చున్నా. ఆ రోజు మీరేం అడగబోయారు అన్నాను. ఆవిడ బ్యాగులోంచి ఎక్సర్‌సైజ్ కాగితాలు తీసింది, ఇంకా దాచుకుంది. రెండో పేజీలో పంపు ప్రవాహం గంటకి ఘనపు మీటర్లలో ఉంది, అయిదో పేజీలో నిమిషానికి గ్యాలన్లలో. మేం రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చేశాం. అనుమానం సగం అక్కడే ఉంది. నాకు చెవులు వేడెక్కాయి.

"మెంటర్ నన్నూ విడిగా పిలిచాడు" అంది. "రెండుసార్లు అడిగావు సరే, మూడోసారి ఎందుకు అడగలేదన్నాడు. అప్పుడు నేను ఏం చెప్పానంటే..."

"లేదు లేదు, తప్పు మీది కాదు, పూర్తిగా నాదే, నేను అప్పుడు టైమ్ చూసుకుంటూ టెన్షన్‌లో ఉండి..." అంటూ నేను అందుకున్నాను.

ఆవిడ కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుంటూ నవ్వింది. "మూడో గీత" అంది.