నాలుగు టైల్స్ కలిస్తే ఒక పువ్వు

శనివారం. ఏడింటికల్లా నెల్లూరులో మా పాత చర్చి తలుపులు తీశాం. రేపు ఆరాధన ఉంది. ఈ లోపు ప్రభువు బల్ల ముందు పాత టైల్స్ నేల బాగుచేసే పని అయిపోవాలని రాత్రి నుంచే టెన్షన్.

మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని సుత్తి పిడితో ఒక్కో టైల్ తట్టుకుంటూ పోయారు. గట్టిగా ఉన్నది టక్‌మంటుంది, కింద గచ్చు వదిలేసింది డబ్‌మంటుంది. డబ్‌మన్నవాటికి నేను సుద్దతో గుర్తు పెట్టాను. మొత్తం 9 తేలాయి.

ఇవి బట్టీలో కాల్చినవి కావు, రంగు సిమెంటు టైల్స్. పైన రంగు పొర కొన్ని మిల్లీమీటర్లే. కొన్నేళ్ళ కిందట తళతళలాడాలని ఎవరో యాసిడ్‌తో కడిగించారు. యాసిడ్ సిమెంటును తినేస్తుంది. అలా కడిగిన వరసలో పువ్వు రేకులు వెలిసిపోయి, చెయ్యి పెడితే గరగరలాడుతున్నాయి. మంచికే చేశారు, తెలుసు. అయినా చూసినప్పుడల్లా కడుపు మండుతుంది.

సున్నం గచ్చు మీద పరిచినవి సన్న ఉలి పెట్టి లేపితే అంచు కూడా పోకుండా వచ్చాయి. పక్కనే ఎప్పుడో సిమెంటుతో అతికించిన రెండు మాత్రం ముక్కలైపోయాయి. సిమెంటు పట్టు టైల్ కన్నా గట్టిది. పైగా నేల నిమ్మును సున్నం మెల్లగా ఆరనిస్తుంది, సిమెంటు ఆపేస్తుంది. ఆ నిమ్ము పక్క టైల్స్‌లోంచి పైకొచ్చి తెల్లటి ఉప్పు పూస్తుంది. నవంబరు వానలకు మా చర్చిలో ఉప్పు పూసేది ఆ రెండింటి చుట్టూనే.

ఒక టైల్ కింద గచ్చులో మూడు వేళ్ళ గుర్తులున్నాయి. ఆనాడు పరిచినాయనవి. మేస్త్రి తన వేళ్ళు వాటిలో ఆనించి చూసుకున్నారు.

"సన్న చేతులమ్మా," అన్నారు.

"అక్కడ గీకొద్దు మేస్త్రీ," అన్నాను. దాని మీదే పల్చగా సున్నం రాసి టైల్ పెట్టేశారు.

మధ్యాహ్నం సంఘ పెద్ద ఒకాయన వచ్చి, గ్రానైట్ వేస్తే రెండు రోజుల పని కదా అన్నారు. ఏం చెప్పాలో తోచక, నాలుగు టైల్స్ తడిగుడ్డతో తుడిచి చూపించాను. నాలుగూ కలిస్తేనే పువ్వు. ఆయన చెప్పులు బయట విడిచి వచ్చి చాలాసేపు నిలబడ్డారు.

పగిలిన రెండింటి కోసం తమిళనాడులో కారైకుడి దగ్గర ఆత్తంగుడికి కొలతలూ రంగులూ పంపాం. అక్కడ ఇప్పటికీ గాజు మీద రంగు పోసి, వెనక ఇసుక సిమెంటు పెట్టి చేత్తోనే చేస్తారు. వచ్చేదాకా ఆ గుంటల్లో ఇసుక పోశాం.

కొత్తగా పెట్టినవాటి మీద తడి గోనెసంచులు కప్పి, చుట్టూ తాడు కట్టి వచ్చాం. సున్నం నిదానంగా ఆరాలి. పడుకోబోయే ముందు ఒకసారి పోయి తడిపి రావాలి.