కుందేలు మీద కూర్చుని అడిగిన ప్రశ్న

మేరీలాండ్‌లో మేముండే చోటికి దగ్గరలో, పొటోమాక్ నది పక్కన, గ్లెన్ ఎకో అనే పాత అమ్యూజ్‌మెంట్ పార్కు ఉంది. 1968లో అది మూతపడింది. క్రిస్టల్ పూల్ అనే పెద్ద ఈతకొలనుకు ఇప్పుడు ముఖద్వారం మాత్రమే మిగిలింది. నేషనల్ పార్క్ సర్వీస్ సంరక్షణలో ఉన్న ఆ ఆవరణలో డెంట్జెల్ కంపెనీ తయారుచేసిన 1921 నాటి రంగులరాట్నం మాత్రం వేసవిలో నేటికీ తిరుగుతూనే ఉంటుంది. దాని మీద ఉన్న 40 చెక్క గుర్రాలను వదిలేసి, పదేళ్ల మా అమ్మాయి ఎప్పుడూ నాలుగు కుందేళ్లలో ఒకదాని కోసమే పరుగెత్తుతుంది.

కిందటి వేసవిలో వరుసలో నిలబడ్డప్పుడు ఆ రంగులరాట్నం కథ తనకు చెప్పాను. 1960లో ఈ పార్కులోకి నల్లజాతివారిని రానిచ్చేవారు కాదు. ఆ ఏడాది జూన్ 30న ప్రధానంగా నల్లజాతివారు చదివే హోవర్డ్ విశ్వవిద్యాలయ విద్యార్థులు, వారి సహచరులు లోపలికి వచ్చి ఈ బొమ్మల మీదే కూర్చున్నారు; దిగిపొమ్మంటే దిగనందుకు ఐదుగురిని అరెస్టు చేశారు. పక్కనే ఉన్న బానక్‌బర్న్ కాలనీవాసులు కూడా వారితో కలిసి ఆ వేసవంతా గేటు ముందు నిరసన తెలిపారు. మరుసటి ఏడాది పార్కు అందరికీ తెరుచుకుంది. ఆ ఐదుగురి శిక్షలను 1964లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అటువంటి పోరాటాల వేడిలోనే 1965లో వలస చట్టం మారింది. మా వంటి కుటుంబాలు ఈ దేశానికి రాగలగడానికి ఆ మార్పే దారి వేసింది కనుక, ఈ కథ మాకు పరాయిది కాదని నా నమ్మకం.

అమ్మాయి కుందేలు మెడ పట్టుకుని, "మరి మీ ఊళ్లో రంగులరాట్నం అందరూ ఎక్కేవాళ్లా?" అని అడిగింది.

ఎక్కేవారు. తిరునాళ్లలో నాలుగు చెక్కపెట్టెలు కట్టి, ఇద్దరు మనుషులు చేతులతో తిప్పే రాట్నం అది. డబ్బులిచ్చిన ప్రతి పిల్లనూ ఎక్కించుకునేవారు. అక్కడితో ఆపేయవచ్చు. మన పండుగలు, మన పిండివంటలు, మన తిరునాళ్లు అంటూ తీయనివే ఏరి పిల్లలకు అందించడం మా ప్రవాస కుటుంబాలలో అలవాటైపోయింది, నేనూ చాలాకాలం అదే చేశాను. కానీ ఇక్కడివారి తప్పును అంత వివరంగా చెప్పిన నేను, మా ఇంటి తప్పును దాచడం న్యాయం కాదనిపించింది.

అందుకే ఇదీ చెప్పాను. ఒక తిరునాళ్ల రోజు రాట్నం దిగి నేనూ, బడిలో నా పక్కన కూర్చునే నేస్తం దాహంతో మా ఇంటికి వచ్చాము. మా నాయనమ్మ నాకు గ్లాసుతో నీళ్లిచ్చింది. నా నేస్తాన్ని గుమ్మం కింద నిలబెట్టి, చెంబు పైకెత్తి, తగలకుండా ఆమె దోసిట్లో పోసింది. ఆ నీళ్లు మోచేతుల మీదుగా కారి ఆమె కొత్త గౌను తడవడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. ఆ రోజు నేను నోరు విప్పలేదు.

దీన్ని పదేళ్ల పిల్లకు చెప్పవచ్చా అని స్నేహితులు అడుగుతారు. 2016లో హైదరాబాద్ శివార్లలో రావిర్యాల దగ్గర ప్రారంభమైన వండర్లా అమ్యూజ్‌మెంట్ పార్కుకు సెలవుల్లో తీసుకెళ్లినప్పుడు, వేవ్ పూల్‌లో అలలు మొదలవగానే మా అమ్మాయి పక్కనున్న పిల్ల చేయి గట్టిగా పట్టుకుంది. పేరు కూడా అడగలేదు. టికెట్టు కొనగలిగిన వారందరూ దిగే నీళ్లు అవి. ఆ చేయి అంత సులువుగా అందడం వెనుక ఏముందో ఆ వయసులోనే తెలియాలని నేను అనుకుంటాను.

రంగులరాట్నం ఆగాక అమ్మాయి కుందేలు దిగకుండానే, "మరి నీ ఫ్రెండ్ ఏమంది?" అని అడిగింది.

ఏమీ అనలేదని చెప్పాను. నీళ్లు తాగి, మోచేతులు గౌనుకు తుడుచుకుని, మళ్లీ రాట్నం దగ్గరికి వెళదాం రమ్మంది.