ఒక ఫుల్ టికెట్, ఒక హాఫ్ టికెట్, మూడు జీరో టికెట్లు

రెండేళ్ల కింద వేసవి సెలవుల్లో పిల్లల పోరు పడలేక, మహబూబ్‌నగర్ నుంచి అయిదుగురం కలిసి హైదరాబాద్ శివారులోని ఒక రిసార్టుకు వెళ్లి వచ్చాం. ఇంటి తిండి లోపలికి రానివ్వలేదు. ప్రవేశ రుసుము, అక్కడి భోజనం, రానూ పోనూ ఆటోలు అన్నీ కలిపి ఆ ఒక్క రోజుకే ఏడు వేలు దాటింది. మా ఇంట్లో ఒక నెల కిరాణా ఖర్చు కూడా అంత ఉండదు. డబ్బు సంగతి అట్లా ఉంచితే, రాత్రి ఇంటికి చేరిన తర్వాత మా అమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ మరపునకు రాలేదు: "మీరంత నీళ్లల్ల ఆడిండ్రు, నేను పొద్దంత చెప్పులకు, సంచులకు కావలి కూసున్న బిడ్డా."

ఆ తర్వాత నుంచి నెలకొక ఆదివారం మేం వెళ్తున్న ప్రయాణాల లెక్క వేరు. 2023 డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ లేదన్న సంగతి అందరికీ తెలిసిందే గానీ, ఆ సౌకర్యాన్ని పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు వాడుకున్నంతగా ఊరు చూడడానికి వాడుకునేవాళ్లు నాకు తక్కువగానే కనబడ్డారు. మా ఇంట్లో అమ్మకు, నా భార్యకు, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయికి జీరో టికెట్లు; పదేళ్ల అబ్బాయికి హాఫ్ టికెట్; ఫుల్ టికెట్ నాదొక్కటే. డీలక్స్, సూపర్ లగ్జరీ బస్సులకు ఇది వర్తించదు. రాష్ట్రం సరిహద్దు దాటితే అక్కడి నుంచి డబ్బులు కట్టాలి. ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. మొదటిసారి అమ్మ కార్డు ఇంట్లో మరచిపోయి ఆమెకు టికెట్ కొనవలసి వచ్చింది కాబట్టి, ఆ కార్డు ఇప్పుడు సద్ది సంచి పక్క జేబులోనే ఉంటుంది.

సద్ది అంటే మా ఇంట్లో ఎక్కువగా జొన్న రొట్టెలు, పల్లీల పొడి, ఎల్లిపాయ కారం, పిల్లల కోసం కొంత పులిహోర. జొన్న రొట్టె మధ్యాహ్నానికి గట్టిపడుతుంది గనుక నా భార్య వాటిని తడి గుడ్డలో చుట్టి పెడుతుంది.

డబ్బు తీసుకోని చోటు అయితే చాలు, ఖర్చు ఉండదనుకోవడం పొరపాటు. ఊరి పార్కుకు వెళ్తే ఒక గంటలో ఉయ్యాల, జారుడుబండ అయిపోయి, పిల్లలకు విసుగు పుట్టి, ఐస్‌క్రీం బండి కనబడుతుంది. విసుగు మొదలైన చోటే జేబుకు చిల్లు పడుతుంది. అందుకని నేను చోటును ఎంచుకునేటప్పుడు, అక్కడ పిల్లలు పొద్దంతా వెతుక్కోవడానికి ఏదైనా ఉందా అన్నది ముందు చూస్తాను.

మాకు అన్నిటికన్నా దగ్గరిది పిల్లలమర్రి. ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, మూడెకరాలకు పైగా పరచుకున్న, ఏడు వందల ఏళ్ల నాటిదని చెప్పే మర్రిచెట్టు అది. నా చిన్నప్పుడు దాని ఊడలు పట్టుకుని ఊగేవాళ్లం. ఇట్లా ఊగిన తరాల పాపమూ అందులో ఉందేమో గానీ, 2017 డిసెంబర్‌లో ఒక పెద్ద కొమ్మ విరిగిపడింది. చెదలు పట్టిందని తేలాక, మరుసటి ఏడాది రోగికి సెలైన్ ఎక్కించినట్టు చెట్టు కాండానికి సీసాలు కట్టి మందు ఎక్కించారు. దానిని కాపాడడానికి కిందికి పోనివ్వడం ఆపి కంచె వేశారు. ఊడలు పట్టుకోలేకపోయినా, అసలు మాను ఎక్కడుందో, ఊడలే మానులైనవి ఏవో కంచె బయటి నుంచి గుర్తుపట్టడమన్నది మా పిల్లలకు పూటంతా సరిపోయే పని.

ఇప్పటివరకు వెళ్లినవాటిలో మా అబ్బాయికి బాగా పట్టింది పానగల్లు. నల్లగొండ మా అత్తగారి ఊరు. పానగల్లు అక్కడికి నాలుగు కిలోమీటర్లే. ఒకప్పుడు కందూరు చోడులు రాజధానిగా పాలించిన ఊరు అది. పెళ్లైన పదిహేనేళ్లలో నల్లగొండకు ఎన్నిసార్లు వెళ్లామో లెక్క లేదు, పానగల్లుకు మాత్రం ఒక్కసారీ పోలేదు. పొలాల నడుమ ఉన్న ఛాయా సోమేశ్వరాలయం మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకునే త్రికూటాలయం. వాటిలో ఒక గర్భగుడిలో, లింగం వెనక గోడ మీద నిలువుగా ఒక స్తంభం నీడ పడుతుంది. పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ మాత్రం పొద్దంతా అక్కడే ఉంటుంది.

ఎండ బాగా ఉన్న రోజు చూసుకుని వెళ్లాం. ఉదయం తొమ్మిదిన్నరకు మా అబ్బాయి ఆ నీడను చూసి, అది ఏ స్తంభానిదో తాను కనిపెడతానని పందెం కట్టాడు. మండపంలోని ఒక్కొక్క స్తంభం దగ్గరికి పోయి, దానిని ఆనుకుని నిలబడి, మెడ చాచి లోపలికి చూసి, "ఇది కాదు" అంటూ ఇంకొక దానికి పోయాడు. వాళ్ల అక్క నోటుబుక్కులో మండపం బొమ్మ గీసి ఒక్కొక్క స్తంభానికి ఇంటూ పెడుతూ పోయింది. ఒక గంట తిరిగేసరికి బొమ్మలో అన్నిటికీ ఇంటూలే మిగిలాయి గానీ, నీడకు సొంతదారు దొరకలేదు. మధ్యాహ్నం సద్ది తిని మళ్లీ లోపలికి పోయి చూస్తే, బయట మా నీడలన్నీ కాళ్ల కిందికి వచ్చి చేరాయి, అది మాత్రం పొద్దున ఉన్నచోటనే ఉంది.

భౌతికశాస్త్రం చదివినవాళ్లు చెప్పే వివరణ నేను అప్పుడు చెప్పలేదు, తిరిగి వచ్చేటప్పుడు బస్సులో చెప్పాను. ఆ గర్భగుడిలోకి ఎండ నేరుగా పడదు. బయట చెదిరిన వెలుగు పక్కల నుంచి మండపంలోకి వచ్చి లోపలికి చేరుతుంది. ఆ వెలుగుకు స్తంభాలు అడ్డుపడిన మేరకు నడుమ ఒక నిలువు భాగంలో చీకటి చిక్కబడి, ఒకే స్తంభం నీడలాగా కనబడుతుంది. పొద్దు కదిలినా వెలుగు వచ్చే తోవలు మారవు కాబట్టి నీడ కూడా కదలదు. నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదన్న మాట వినగానే మా అబ్బాయి ఇది మోసం, పందెం చెల్లదన్నాడు. ఆ వారమంతా చెప్పుల అట్టపెట్టెకు రెండు పక్కలా రంధ్రాలు చేసి, లోపల అగరుబత్తీలు నిలబెట్టి, కిటికీ దగ్గర పెట్టుకుని నీడల కోసం చూస్తూ కూర్చున్నాడు. దాదాపు తొమ్మిది వందల ఏళ్ల కిందటి శిల్పులు దీనిని లెక్క కట్టి చేశారా, కట్టిన తర్వాత గమనించారా అన్నది వాడి ప్రశ్న. నాకైతే లెక్క కట్టే చేశారనిపిస్తుంది.

అదే ఊళ్లో పచ్చల సోమేశ్వరాలయం, దాని పక్కన శిల్పాల మ్యూజియం ఉన్నాయి. గోడల మీద చెక్కిన కథలను మా అమ్మ పిల్లలకు చూపించి చెప్పింది. బళ్లో చదువుకోని మనిషికి ఆ రాతిబొమ్మలు చదవడం నాకంటే బాగా వచ్చు. మ్యూజియాలకు మామూలుగా శుక్రవారం సెలవుంటుందని గుర్తు పెట్టుకోవాలి. సాయంత్రం ఉదయసముద్రం చెరువు కట్ట మీద కూర్చుని, మిగిలిన పులిహోర తిని వచ్చాం.

నల్లగొండ వైపు వెళ్లినప్పుడే మరొకసారి భూదాన్ పోచంపల్లి కూడా చూశాం. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు వెదిరె రామచంద్రారెడ్డి భూమి లేనివాళ్లకు వంద ఎకరాలు ఇస్తానన్న ఊరు అది. అయితే పిల్లలను ఆపేసింది భూదానం కాదు, ఒక నేతగాని ఇంటి వసారాలోని ఆసు. అర్ధచంద్రాకారంగా నాటిన మేకుల చుట్టూ దారాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పుతూ పోసే పని అది. ఒక్క చీరకే చెయ్యి వేలసార్లు ఆడాలి. తల్లి భుజాల నొప్పి చూడలేక చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారు చేసిన సంగతి పుస్తకంలో చదివినప్పుడు మా అమ్మాయికి పట్టలేదు. ఆ ఇంటి పెద్దమ్మ అడిగి మరీ మా అమ్మాయి చేత పది నిమిషాలు ఆసు పోయించిన తర్వాత, భుజం రుద్దుకుంటూ తనంతట తానే ఆ మాట ఎత్తింది. నేతగాళ్ల ఇళ్లకు వెళ్తే చీర కొనకపోయినా ఏమీ అనరు, అయితే పని ఆపించి ఫొటోల కోసం నిలబెట్టడం మర్యాద కాదు.

కృష్ణ మీది జూరాల ప్రాజెక్టుకు వర్షాకాలంలోనే వెళ్లాలి. ఎగువన కర్ణాటకలో డ్యాములు నిండి వరద వదిలితే ఇక్కడి గేట్లు ఎత్తుతారు. ఆత్మకూరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. కట్ట దగ్గర కృష్ణ చేపలను కళ్ల ముందే కోసి, కారం పట్టించి, మరిగే నూనెలో వేయించి ఇస్తారు. ఇంటి నుంచి తెచ్చిన రొట్టె, అక్కడి వేడి చేప ముక్క కలిస్తే ఇక కూర అక్కర లేదు. చేపను నూనెలో వేయకముందే తూకం చూసుకుని ధర మాట్లాడుకోవాలి. వేయించిన తర్వాత బేరం నడవదు. గేట్లు ఎత్తి ఉన్నప్పుడు పిల్లలను నీటి దగ్గరికి దింపకూడదని వేరే చెప్పనక్కర లేదు గానీ, సెల్ఫీల కోసం దిగేవాళ్లను ప్రతిసారీ చూస్తున్నాను కాబట్టి చెబుతున్నాను.

పోయిన నెలలో అలంపురం వెళ్లాం. కర్నూలు పోయే ఎక్స్‌ప్రెస్‌లో అలంపూర్ చౌరస్తాలో దిగితే సరిహద్దు దాటే పని లేదు, జీరో టికెట్ అక్కడి దాకా చెల్లుతుంది. అక్కడి నుంచి ఆటోలో అయిదుగురం. తుంగభద్ర ఒడ్డున బాదామి చాళుక్యులు కట్టించిన తొమ్మిది గుళ్లకు తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అని బ్రహ్మ పేర్లు. పేరుకు బ్రహ్మలైనా అన్నీ శివుని గుళ్లే. ఏది ఏ గుడో పోల్చుకుంటూ పిల్లలు తిరుగుతున్నారు. జోగులాంబ దర్శనం అయిన తర్వాత అమ్మ నన్ను పక్కకు పిలిచి, కూడవెల్లి సంగమేశ్వరుని గుడి ఎక్కడుందో అడగమన్నది.

అమ్మ పుట్టిన ఊరు శ్రీశైలం ముంపులో పోయింది. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లి కూడా ఆ ముంపులోనే పోయింది గానీ, అక్కడి చాళుక్యుల నాటి గుడిని రాయి రాయి విప్పి తెచ్చి అలంపురంలో మళ్లీ పేర్చి కట్టారు. పాపనాశి గుళ్లు కూడా అట్లా తరలి వచ్చినవే. మా పిల్లలమర్రి పక్కనున్న రాజరాజేశ్వరాలయం కూడా ముంపు ఊరి నుంచి తెచ్చిందేనని అమ్మకు చెబితే, ఇన్నేళ్లు చెప్పనందుకు నన్ను కోప్పడింది. సంగమేశ్వరాలయంలో ఆమె గోడ పట్టుకుని చుట్టూ ఒకసారి తిరిగి, మెట్ల మీద కూర్చుని, ఎదుట నది ఉండాల్సిన వైపు చూస్తూ ఉండిపోయింది. మా అమ్మాయి పక్కన చేరి, ఇది నువ్వు చిన్నప్పుడు చూసిన గుడేనా నానమ్మా అని అడిగింది. "గుడి గదే బిడ్డా. ఏరు లేదు" అన్నది అమ్మ.

ఆ రోజు ఇంకెక్కడికీ పోలేదు. సద్ది అక్కడే విప్పుకున్నాం. ఆటో కిరాయిలతో కలిపి మొత్తం ఖర్చు ఏడు వందల లోపే అయింది. బస్సులో అమ్మ, శివరాత్రికి మళ్లీ రావాలన్నది. ఆ రోజు జనం ఎక్కువగా ఉంటారు, ఇంత దూరం నిలబడి రావాల్సి ఉంటుందని చెబితే, కూడవెల్లి తిర్నాలకు ఎడ్లబండి మీద నిలబడే పోయేటోళ్లమని ఆధార్ కార్డు సంచి జేబులో పెట్టుకుంటూ చెప్పింది.