అగ్ఫా ఐసొలెట్ 2 మరమ్మతు: లెన్స్ వదిలింది, బెలోస్ మార్చాలి

బల్ల మీదున్నది అపోటార్ 85 ఎం.ఎం. ఎఫ్/4.5 లెన్స్, ప్రాంటర్-ఎస్ షట్టర్ ఉన్న ఐసొలెట్ 2, అగ్ఫావారి పాత మడత (ఫోల్డింగ్) ఫిల్ము కెమెరా. 120 రోల్ ఫిల్ము మీద 6×6 సెం.మీ. బొమ్మలు 12 వస్తాయి. ఇదే మోడల్ అగ్నార్, సొలినార్ లెన్సులతోనూ, వారియో, ప్రాంటో, కాంపూర్-రాపిడ్ షట్టర్లతోనూ వచ్చింది. అందుకే విడిభాగం అడిగేటప్పుడు మోడల్ పేరొక్కటే చెబితే చాలదు. లెన్స్ అంచు మీద, షట్టర్ ముఖం మీద ఉన్న రాతలు కూడా చెప్పాలి. సొలినార్ 75 ఎం.ఎం. లెన్సును 85 ఎం.ఎం. బాడీకి బిగిస్తే ఇన్ఫినిటీ (బాగా దూరపు వస్తువుల ఫోకస్) కుదరదు. ముందు గాజు ఒక కెమెరాదీ వెనక గాజు ఇంకో కెమెరాదీ కలపకూడదు. మన దగ్గర పాత సామాను బజార్లలో దొరికే అగ్ఫా క్లిక్-3 కెమెరా భాగాలు దీనికి దేనికీ పనికిరావు.

లెన్స్ పని అయింది. అగ్ఫా ఫోల్డింగ్ కెమెరాల్లో చాలావాటికి ఉన్న జబ్బే: ఫోకస్ మరల్లో వేసిన గ్రీజు పచ్చగా మారి బంకలా గట్టిపడుతుంది. రింగు తిప్పితే ముందు గాజు తన మరల్లో తిరగక, మధ్య గాజును షట్టర్‌లోంచి ఊడదీస్తుంది. అంటే రింగు తిరుగుతున్నంత మాత్రాన ఫోకస్ పనిచేస్తోందని కాదు. అంచు చుట్టూ ఉన్న మూడు చిన్న స్క్రూలు వదులు చేసి రింగు తీశాక, రెండు గాజులూ జంటగా బయటికొచ్చాయి. హెయిర్ డ్రయర్‌తో వేడిచేసి, లైటర్ ఫ్లూయిడ్‌లో నానబెట్టి, మళ్లీ వేడిచేస్తే వదిలాయి. ఇవి రెండూ విడి గాజులు కాబట్టి నానినా ఫరవాలేదు. సొలినార్ వెనక గాజు అతికించిన జంట, దాన్ని నానబెట్టొద్దు. అసిటోన్ జోలికి పోకండి, అంచున ఉన్న నల్ల రంగు ఊడిపోతుంది. మరలు విడిపోయే చోట పెన్సిల్ గీత తప్పనిసరి. ఈ మరలు ఎక్కడం మొదలయ్యే చోట్లు ఒకటికన్నా ఎక్కువ, తప్పు చోట ఎక్కిస్తే ఇన్ఫినిటీ ఎంత తిప్పినా రాదు. బిగించేటప్పుడు మధ్య గాజు షట్టర్‌లో పూర్తిగా బిగిసిందో లేదో ముందు చూడాలి.

ఇన్ఫినిటీ సరిచేయడానికి ఫిల్ము ఆనే లోపలి పట్టాల మీద గ్రౌండ్ గ్లాస్ (ఒకవైపు గరుకుగా ఉండి బొమ్మ కనిపించే గాజు) పెట్టాలి, గరుకు వైపు లెన్స్‌కేసి. బయటి పట్టాల మీద పెడితే లెక్కంతా తప్పుతుంది. షట్టర్‌ను బి (నొక్కినంతసేపూ తెరిచి ఉండే గుర్తు) మీద లాక్ చేసి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి, దూరపు సెల్ టవర్‌ను భూతద్దంతో చూస్తూ ముందు గాజు తిప్పాలి. బొమ్మ పదునెక్కిన చోట రింగు ఇన్ఫినిటీ గుర్తుకు ఆనించి స్క్రూలు బిగించాలి.

షట్టర్ వేగాలు ఫోన్ స్లోమోషన్‌లో చూడొచ్చు. సెకనుకు 240 ఫ్రేముల వీడియోలో 1 సెకను 240 ఫ్రేములు, 1/5 సెకను 48, 1/25 దాదాపు 10 రావాలి. అంతకన్నా వేగాలకు ఈ కొలత నమ్మకం లేదు. ఇందులో 1 సెకను సాగిపోతోంది, 1/25 బాగుంది; కాబట్టి నెమ్మది వేగాల పళ్లచక్రాల్లో ఎండిన నూనే కారణం. అక్కడ లైటర్ ఫ్లూయిడ్‌తో కడిగి, ఇరుసుల దగ్గర మాత్రం గడియారపు నూనె సూదిమొన మీద నిలిచేంత పెట్టాలి. షట్టర్ రెక్కల మీద నూనె చుక్క పడకూడదు, అతుక్కుపోతాయి. సెల్ఫ్ టైమర్ మీటను ముట్టుకోకండి. అది మధ్యలో ఇరుక్కుంటే షట్టర్ మొత్తం ఆగిపోతుంది.

మిగిలింది బెలోస్, అంటే లెన్స్‌కూ బాడీకీ మధ్య వెలుగు చొరకుండా ఉండే మడతల సంచి. చీకటి గదిలో లోపల టార్చి వేస్తే మూలమూలకూ వెలుగు చుక్కలే. నల్ల ఫ్యాబ్రిక్ రంగు పలచగా పూస్తే కొన్నాళ్లు ఆగుతుంది, మందంగా పూస్తే మడతలు లావై తలుపు మూసుకోదు. ఇన్ని మూలలు పోయాక అతుకులు దండగ. కొత్తదానికి మడతల సంఖ్య, రెండు చివరల వెడల్పు ఎత్తులు, ముందు రంధ్రం వ్యాసం, పూర్తిగా తెరిచినప్పటి పొడవు కాలిపర్‌తో రాసుకోవాలి. షట్టర్‌ను పట్టి ఉంచే రింగు బెలోస్ లోపలి వైపు ఉంటుంది. స్పానర్‌తో విప్పేటప్పుడు దాని కింద పలచటి రేకు ఉంటే అది తిరిగి అదే చోటికి చేరాలి. లేకపోతే ఇన్ఫినిటీ మళ్లీ మొదటికొస్తుంది. కొత్త బెలోస్ బిగించాక పరీక్ష రోల్ వేసేటప్పుడు కెమెరా మెల్లగా తెరిచి, ఆ తర్వాతే ఫిల్ము తిప్పాలి. విసురుగా తెరిస్తే లోపల గాలి ఒత్తిడి తగ్గి ఫిల్మును ముందుకు లాగుతుంది, బొమ్మ మధ్యలో పదును పోతుంది.