ఐదింటి నుంచి తొమ్మిదింటి దాకా: జువైనల్ బోర్డు గడప తొక్కకముందు పిల్లలతో మా పని (నా అనుభవం)

చిన్న చిన్న నేరాల్లో చిక్కుకునే పిల్లలకి విజయవాడలో మేం కౌన్సెలింగ్ చేస్తాం. మా దగ్గరికొచ్చే పిల్లలు ఎక్కువమంది 13 నుంచి 17 ఏళ్ల మధ్యవాళ్లు. రాజరాజేశ్వరీపేట, సింగ్‌నగర్, వాంబే కాలనీ, కృష్ణలంక, వన్‌టౌన్ కొండ మీది ఇళ్లు. బడి హెడ్మాస్టర్ పంపుతాడు, లేదా వార్డు సచివాలయం మహిళా పోలీసు చెబుతుంది. ఒక్కోసారి స్టేషన్ నుంచే ఫోనొస్తుంది: "ఒకణ్ని కూర్చోబెట్టాం, వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పి తీసుకెళ్లండి."

ఈ మూడో రకం ఫోనంటే మాకు గుబులు. చాలాసార్లు అక్కడ జరిగేది రాజీ. పోయిన ఫోను దొరికింది, తండ్రి తెల్లకాగితం మీద సంతకం పెట్టాడు, పిల్లాడికి రెండు తగిలించారు, ఇంటికి పంపారు. కేసు తప్పిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. కాగితం ఎక్కడా లేదు, కౌన్సెలింగూ లేదు. కానీ ఆ పేటలో ఇంకో ఫోను పోయిన రోజు మొదట తట్టేది వీళ్ల తలుపే. 2016 నాటి జువైనల్ జస్టిస్ నియమాల ప్రకారం ఘోరమైన నేరమో, పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరమో అయితే తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. స్టేషన్ రోజువారీ పుస్తకం జనరల్ డైరీలో రాసి, ఫారం 1లో పిల్లాడి ఇంటి పరిస్థితులు నింపి, పిల్లల కేసులు చూసే జువైనల్ జస్టిస్ బోర్డుకు పంపాలి. చిన్న నేరమైతే ఆ కాగితాలు చూసి బోర్డు మొదటి రోజే ముగించవచ్చు. ఊళ్లో అందరూ ఈ బోర్డుని జువైనల్ కోర్టు అంటారు గానీ, అక్కడ కూర్చునేది ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు. దొంగచాటు రాజీ కన్నా ఆ కాగితమే నయం, నా మటుకు.

స్టేషన్‌కి బయల్దేరేముందు తల్లితో చెప్పేది ఒక్కటే: వయసు రుజువు తీసుకురమ్మా. పది మందిలో ఎనిమిది మంది ఆధార్ తెస్తారు, అందులో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంటుంది. చట్టం చెప్పిన వరసలో ఆధార్ లేదు. ముందు బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతిది, అది లేకపోతే మునిసిపాలిటీ జనన ధ్రువపత్రం, రెండూ లేకపోతేనే ఎముకల పరీక్ష. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి ముంచాక సింగ్‌నగర్ వైపు ఎన్నో ఇళ్లలో కాగితాలు బురదపాలయ్యాయి. అలాంటివాళ్లు గొడవేమీ లేని రోజుల్లోనే చదివిన బడికి వెళ్లి నకలు తెచ్చుకోవాలి. స్టేషన్‌లో పిల్లాడు కూర్చున్నాక బడి గుమాస్తా దొరకడు.

ఇక అసలు పని. మొదటిసారి కూర్చునేది హెడ్మాస్టర్ గదిలో కాదు, స్టేషన్‌లో అసలే కాదు. తల్లిదండ్రుల ముందూ వద్దు. సచివాలయం మేడ మీద వరండా చాలు. ముప్పావు గంట, అంతకుమించి పిల్లాడు నిలవడు. తప్పు గురించి అడగం. ఒక తెల్లకాగితం, ఒక స్కేలు ఇచ్చి ఉదయం 5 నుంచి రాత్రి 11 వరకు గంటకో గీత గీయమంటాం. నిన్న ఏ గంటకి ఎక్కడున్నావో రాయి, అంతే. పొద్దున గళ్లన్నీ నిండుతాయి: నీళ్ల ట్యాంకరు, టిఫిను, బడి. సాయంత్రం ఐదు దగ్గర పెన్ను ఆగుతుంది. "తిరిగాను సార్" అంటాడు. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది, నాలుగు గళ్లలోనూ అదే మాట. తల్లి కేటరింగ్ పనికెళ్లి రాత్రి పదింటికొస్తుంది, తండ్రి ఆటోకి ఆ నాలుగు గంటలే గిరాకీ. మేం చూసిన ఫోను దొంగతనాలు, కొట్లాటలు, గంజాయి ప్యాకెట్ చేరవేతలు దాదాపు అన్నీ ఆ గళ్లలోనే పడతాయి. అందుకే మా కౌన్సెలింగ్‌లో సగం ఆ నాలుగు గళ్లు ఏంతో నింపాలన్న బేరమే.

మిగతా సగంలో చట్టం చెబుతాం, భయపెట్టడానికి కాదు, లెక్క తెలియడానికి. రైల్వే స్టేషన్ చుట్టూ తిరిగేవాళ్లకి ఇది తప్పనిసరి. ప్లాట్‌ఫాం మీద పడుకున్నాయన జేబులోంచి ఫోను తీస్తే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 303వ సెక్షన్, మూడేళ్ల లోపు శిక్ష, కాబట్టి చిన్న నేరం. అదే ఫోను బోగీలోంచి తీస్తే 305, ఏడేళ్ల దాకా శిక్ష, నేరం పెద్దదైంది. దోచుకునేటప్పుడు ప్రాణాంతక ఆయుధం వాడాడని 311 పడితే, కనీస శిక్షే ఏడేళ్లు. అప్పుడది ఘోర నేరం. పిల్లాడికి 16 నిండి ఉంటే పెద్దవాళ్లలా విచారించాలా అని బోర్డు పరీక్షిస్తుంది. అదే పిల్లాడు, అదే ఫోను. జేబులో బ్లేడు ఎందుకురా అంటే "ఊరికే, సేఫ్టీకి" అంటారు. బ్లేడుతో బెదిరించే ముఠాలని ఊళ్లో బ్లేడ్ బ్యాచ్ అంటారు, ఆ పేరు వాళ్లకి బిరుదులా ఉంటుంది. కాగితం మీద మూడు గళ్లు గీసి ప్లాట్‌ఫాం, బోగీ, బ్లేడు అని రాసి, కింద ఏళ్లు వేసి చూపిస్తే, ఎన్ని నీతులు చెప్పినా కదలనివాడు రెండోసారి వచ్చేటప్పుడు జేబు ఖాళీగా వస్తాడు. అందరూ కాదు.

మత్తు కోసం సొల్యూషన్ పీల్చేవాళ్ల సంగతి వేరు. పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్, గుడ్డలో ముడి. ముక్కు చుట్టూ, పెదాల పక్కన పొక్కులు, బట్టల్లో పెయింటు వాసన, మాట ముద్దగా రావడం. ఇక్కడ పెద్దలు చేసే ప్రమాదకరమైన తప్పు ఒకటుంది. పీలుస్తుంటే చూసి అరవడం, వెంటపడి తరమడం. ఆ ఆవిర్లు గుండె లయని దెబ్బతీస్తాయి, ఒక్కసారిగా భయపడ్డా పరుగెత్తినా ఉన్నపళంగా గుండె ఆగిపోవచ్చు. మెల్లగా దగ్గరికెళ్లి, గాలి ఆడేచోట కూర్చోబెట్టి, గుడ్డ తీసేయాలి. ఆ మత్తులో కౌన్సెలింగ్ వృథా, మర్నాడు మాట్లాడాలి. తర్వాత సర్వజనాసుపత్రి మానసిక వైద్య విభాగం. దూరం అనిపిస్తే ముందు 14446కి ఫోను చేయండి, అది మత్తు మానిపించే జాతీయ హెల్ప్‌లైన్. పిల్లాడి చేత గంజాయి ప్యాకెట్లు మోయిస్తున్న పెద్దవాడెవడో తెలిస్తే మా దగ్గరే దాచుకోం, రాష్ట్రంలో మత్తు రవాణాని పట్టే ఈగల్ విభాగం నంబరు 1972 ఉంది. పిల్లలతో మత్తు అమ్మించడం జువైనల్ జస్టిస్ చట్టం 78వ సెక్షన్ కింద మోయించినవాడి నేరం.

తండ్రితో మాట్లాడటమే అన్నిటికన్నా కష్టం. మొదటి మాట "చెప్పండి సార్, తోలు తీస్తాను". తోలు తీసిన మర్నాడే పిల్లాడు ఇంట్లోంచి వెళ్లిపోతాడు, రెండు రాత్రులు ప్లాట్‌ఫాం మీద పడుకుంటాడు, అక్కడ దొరికే స్నేహం మూడు నెలల మా పనిని తుడిచేస్తుంది. గుండు కొట్టించడం, షాపు ముందు గుంజీలు, ఆ వీడియో పేట వాట్సాప్ గ్రూపులో పెట్టడం కూడా అంతే. కేసు నడుస్తున్న పిల్లాడి గుర్తు తెలిసేలా మీడియాలో వేస్తే అదే జువైనల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. బండి తాళాలు ఇచ్చే తండ్రులకి ఇంకో లెక్క చెబుతాం: మైనరు నడుపుతూ నేరం చేస్తే 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు తండ్రికే, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఈ మాటకి తాళాలు బీరువాలోకి వెళ్తాయి.

గళ్లు నింపడంలో మాకు పనికొచ్చినవి కొద్ది. బడి మానేసి 14 నిండినవాడికి ఓపెన్ స్కూల్ పదో తరగతి, సాయంత్రం చదువు. ఆట ఉన్నవాడికి గ్రౌండు, కానీ కోచ్ పేరు తెలిస్తేనే. ఊరికే గ్రౌండంటే మళ్లీ తిరుగుడే. ఆటోనగర్‌లో పనికి పెడతామని తండ్రులు తొందరపడతారు. 14 లోపు పని నేరం, 18 లోపు ప్రమాదకరమైన పని నేరం, కాబట్టి ఐటీఐ దారి చూపిస్తాం. షాపువాడికి నష్టం కట్టాల్సివస్తే ఒకేసారి తండ్రి కట్టకుండా, నెలకింతని పిల్లాడి పాకెట్ మనీలోంచి.

మొదటి నెల వారానికి రెండుసార్లు, తర్వాత రెండు నెలలు వారానికొకసారి కూర్చుంటాం. మధ్యలో రెండు వారాలు రాకపోతే మేమే పేటకి వెళ్తాం, ఇంటికి కాదు, వాడు కూర్చునే చోటికి. మూడో నెలాఖరున మళ్లీ తెల్లకాగితం, స్కేలు. ఐదు నుంచి తొమ్మిది మధ్య "తిరిగాను" ఒక్క గడిలో ఉంటే ఫైలు మూస్తాం. రెండు గళ్లయితే ఇంకో నెల.