గ్యాస్ పట్టిస్తే సరిపోతుందా?

ఏసీ పంచాయితీ ఇవాళ్టికి తేలింది.

కొన్నాళ్లుగా గది సరిగ్గా చల్లబడటం లేదు. బయట యూనిట్ దగ్గర సన్న పైపు మీద మాత్రం తెల్లగా మంచు పేరుకుంటోంది. "మంచు కడుతోందంటే బ్రహ్మాండంగా పనిచేస్తున్నట్టే కదరా" అంటారు నాన్న. నిజానికి వ్యవహారం తలకిందులు. గ్యాస్ తగ్గితే లోపల ప్రెజర్ పడిపోతుంది. ప్రెజర్ పడితే మిగిలిన ఆ కాస్త గ్యాసూ సున్నా డిగ్రీల కన్నా కిందే మరుగుతుంది. అది మరిగే చోట గాలిలోని తేమ గడ్డకడుతుంది, మిగతా కాయిలంతా, అంటే గ్యాస్ తిరిగే గొట్టాల చుట్టంతా, వెచ్చగానే ఉండిపోతుంది. ఫిల్టర్‌లో దుమ్ము పేరుకున్నా లోపలి కాయిల్ మీద మంచు కట్టొచ్చు కాబట్టి ముందు ఫిల్టర్లు కడిగి చూశాను. ఏమీ మారలేదు.

పొద్దున మెకానిక్ వచ్చి గేజ్ తగిలించి చూశాడు. "గ్యాస్ తగ్గింది సార్, పట్టించేస్తే సరిపోతుంది." పోయిన వేసవిలో వచ్చినతనూ ఇదే మాట, ఇదే వైద్యం. ఏసీలో గ్యాస్ బండిలో పెట్రోల్‌లా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో తిరుగుతూ ఉండటమే దాని పని. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. "ముందు లీకెక్కడో చూడండి, గ్యాస్ సంగతి తర్వాత" అన్నాను. కాస్త నసిగాడు గానీ పని మొదలుపెట్టాక శ్రద్ధగానే చేశాడు.

పైపుల జాయింట్ల దగ్గర నట్లకు సబ్బు నురగ పూశాడు. బుడగ రాలేదు. లీక్ అక్కడ ఉంటే నట్ బిగించడంతోనో, పైపు చివర మళ్లీ గరాటులా వెడల్పు చేయడంతోనో (ఫ్లేర్ అంటారు) పోయేది. ఇండోర్ యూనిట్ కవర్ ఊడదీసి టార్చ్ వేశాడు. కాయిల్ పక్కన రాగి గొట్టం వంపు తిరిగే చోట జిడ్డు మరక, దాని మీద అట్టకట్టిన దుమ్ము. గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్‌లోని ఆయిల్ కొంత గ్యాస్‌తో పాటే తిరుగుతుంది కాబట్టి గ్యాస్ కారిన చోట ఇలా జిడ్డు మిగులుతుంది. అక్కడ నురగ పూస్తే ఆవగింజంత బుడగ మెల్లగా ఉబ్బి, పగిలి, మళ్లీ ఉబ్బింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని మరీ వచ్చి చూశారు.

ఇక అసలు ప్రశ్న: బాగుచేయించాలా, మార్చేయాలా?

ఇదే ఏసీ ఒకసారి స్టార్ట్ కాకుండా ఊరికే మూలిగింది. మోటార్ స్టార్ట్ అవడానికి ఊతమిచ్చే కెపాసిటర్ తల ఉబ్బిపోయింది. కొత్తది వేస్తే పని అయిపోయింది. అలాంటి వాటికి ఆలోచించాల్సిన పనే లేదు, ఏసీ ఎంత పాతదైనా సరే. "పదేళ్లు దాటితే తీసిపారేయాలి" అనే మాట నేను ఒప్పుకోను. పోయిందేమిటో చూడాలి గానీ వయసొక్కటే చూస్తే ఎలా?

కానీ ఈసారి పోయింది కాయిల్. ఒక చోట వెల్డింగ్ చేయొచ్చు. రాగిని తుప్పు తినేసి ఉంటే మాత్రం నెల తిరక్కుండా పక్కన ఇంకో చిల్లు పడొచ్చు. కాయిలే మారుద్దామంటే ఈ మోడల్‌ది దొరకడం కష్టమన్నాడు మెకానిక్. పైగా బయట యూనిట్ మీద వెలిసిపోయిన అక్షరాలు తుడిచి చూస్తే అందులో ఉన్న గ్యాస్ ఆర్-22. ఓజోన్ పొరను తినేసే గ్యాసుల్లో ఇదొకటి. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం కింద ధనిక దేశాలు 2020 నాటికే దీన్ని దాదాపు ఆపేశాయి, మిగతా దేశాలకు 2030 గడువు. అంటే ఇకపై పట్టించే ప్రతిసారీ దొరకడం కష్టమవుతూ పోతుంది. బదులుగా కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాస్ పట్టిద్దామంటే కుదరదు. దాని ప్రెజర్ ఒకటిన్నర రెట్లకు పైమాటే, కంప్రెసర్ ఆయిల్ కూడా వేరే, పైగా కొంత మండే గుణం ఉంది.

"కంప్రెసర్ నిక్షేపంలా ఉంది కదా" అని నాన్న పట్టు వదల్లేదు. ఆ కంప్రెసర్‌ని చల్లబరిచేది వెనక్కి తిరిగొచ్చే గ్యాసే. గ్యాస్ తక్కువై ఇలాగే నడిపిస్తే అదీ వేడెక్కి కాలిపోతుంది. ఇది చెప్పాక నాన్న కాసేపు మాట్లాడలేదు.

మార్చేయాలనే అనుకున్నాం. కొత్తది ఇన్వర్టర్ ఏసీ, అంటే అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే రకం; గ్యాస్ ఆర్-32. రెండు టన్నులది తీసుకుంటే ఇంకా చల్లగా ఉంటుందని నాన్న ఆశ. గదికి మించిన ఏసీ గబగబా చల్లబరిచి కట్ అయిపోతుంది, తేమ మాత్రం అలాగే ఉండిపోతుంది. జిగటజిగటగా ఉన్న చలిలో పడుకోవడం నాకైతే ఇష్టం లేదు. ఒకటిన్నరే చాలు.

పాత గ్యాస్‌ని గాలిలోకి వదిలేయొద్దని, పంప్ డౌన్ చేసి బయట యూనిట్‌లోకి లాగేయమని మరీమరీ చెప్పాను. బిగించేటప్పుడు వ్యాక్యూమ్ పంప్ తేవాలనీ అన్నాను. అది లేకపోతే గొట్టాల్లో గాలి, తేమ మిగిలి కొత్తదాని ఆయుష్షు తగ్గుతుంది. గోడలోని పాత పైపుల్లో పాత ఆయిల్ ఉంటుంది కాబట్టి వాటినీ మార్చేస్తానన్నాడు.

"స్టాండయినా పాతదే ఉంచండయ్యా" అన్నారు నాన్న. బోల్టులు తుప్పు పట్టాయి, అవి మాత్రం మార్చాలన్నాడు మెకానిక్. నాన్న సరేనన్నారు.